అత్తయ్య అరువిచ్చిన వేలు

నా వేలు తెగిన రోజు కొరమేను పులుసు మాత్రం బ్రహ్మాండంగా కుదిరిందట. నేను భీమవరం ఆసుపత్రిలో చెయ్యి పైకెత్తుకుని పడుకుని ఉంటే, మా ఆయన కొండలు ఆ పులుసు క్యారేజీలో తెచ్చాడు. వాసనకి పక్క మంచం ఆవిడ లేచి కూర్చుని "ఎవరు చేశారండీ?" అని అడిగింది.

"మా అమ్మండి. కోసింది మాత్రం ఈవిడేనండి" అన్నాడు గర్వంగా. ఏం కోసుకుందో చెప్పలేదు.

జరిగింది ఇంతే. కత్తిపీట ముందు కూర్చుని చేప తల తీస్తున్నాను. పది నెలల మా పాప బుల్లి వెనక నుంచి పాకుతూ వచ్చి మెరిసేదాని మీదికి చెయ్యి చాపింది. నేను చేపని వదిలేసి ఎడమచేతిని పాపకీ కత్తికీ మధ్య పెట్టేశాను. పాపకి గీత కూడా పడలేదు. నా చూపుడువేలు లోపలివైపు, మధ్య కణుపు కింద అడ్డంగా తెగింది. రక్తానికి నేను అంత భయపడలేదు. పిడికిలి బిగించబోతే మిగతా వేళ్ళన్నీ ముడుచుకుని, అదొక్కటీ ఎవర్నో చూపిస్తున్నట్టు నిటారుగా నిలబడింది. దాన్ని చూసి భయపడ్డాను.

డాక్టరుగారు లోపల తెగింది కలిపి కుట్టారు. చేతి వెనక ప్లాస్టిక్ బద్ద కట్టారు. ఆ తర్వాత నన్ను ఎస్తేరు మేడం చేతిలో పెట్టారు. ఆవిడ మందులివ్వదు, కొయ్యదు. దెబ్బ తిన్న చేతుల్ని మళ్ళీ పనిలోకి దించడం ఆవిడ పని. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ జేబులో శనగలు వేసుకుని తిరిగే మనిషి.

"నరం తెగిందండి నాకు" అన్నాను.

"నరం కాదమ్మా, తాడు. స్నాయువంటారు. మోచేతి కింద కండ లాగితే ఈ తాడు జారుతుంది, వేలు ముడుచుకుంటుంది. ఇప్పుడు దానికి కుట్టు పడింది. కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కండకి అతుక్కుపోయి వేలు కర్రయిపోతుంది. ఎక్కువ కదిపితే కుట్టు దగ్గర పుటుక్కుమంటుంది."

"ఎంత కదిపితే ఎక్కువండీ?"

"అదే బయట నుంచి ఎవరికీ తెలీదు" అని ఆవిడ సొరుగులోంచి ఒక పెట్టె తీసింది.

అందులో రెండు తొడుగులున్నాయి. ఉల్లిపొర రంగు, ఉల్లిపొరంత పల్చన. వెలుతురుకి పట్టి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి తీగలు. ఒకటి నా చేతికి, బద్ద కదలకుండా, ఎంతో మెల్లగా ఎక్కించింది. రెండోది తన ఎడమచేతికి వేసుకుంది. తర్వాత తన చూపుడువేలు ముడిచింది.

నా వేలు ముడుచుకుంది.

"అయ్యబాబోయ్! నేను కదపలేదండీ!"

"నువ్వు కదపకూడదు. నీ వేలికి ఆరు వారాలు సెలవు. దాని పని నాది చేస్తుంది." ఆవిడ మళ్ళీ ముడిచి, ఒక చోట ఆగి, తన వేలి మీద గోటితో చూపించింది. "ఇదిగో, ఇక్కడ పట్టేసింది. నీ లోపల జరిగేది నాకు నా వేల్లో తెలుస్తుంది. ఇంక లాగొద్దని నీ తాడే నాకు చెబుతుంది."

ఆవిడా, ఆవిడతో చదువుకున్న ఒక ఇంజనీరమ్మాయీ కలిసి మూడేళ్ళు కష్టపడి చేశారట. మాది ఐదో జంట. జంట ఎందుకంటే ఈ పని రోజుకి మూడు పూటలా చెయ్యాలి, ఆవిడ రోజూ నర్సాపురం అవతలున్న మా ఊరికి రాలేదు. ఇంట్లో మనిషే రెండో తొడుగు వేసుకోవాలి.

ముందు మా ఆయన కూర్చున్నాడు. రొయ్యల చెరువుల మీద పని చేసే చేతులు. బొటనవేలు దాటి తొడుగు ఎక్కడానికే పావుగంట పట్టింది. ఎక్కిందో లేదో ఆయనకి తల దురద పుట్టింది. గోక్కున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న నా చేతి వేళ్ళు గాలిని బరబరా గోకాయి. ఎస్తేరు మేడం ఎగిరి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లెగరా" అంది మా అత్తయ్య మంగతాయారు. "నీకు మేత చల్లడం తప్ప చేతుల్తో ఏం వచ్చని! ఇటివ్వండి మేడంగారూ."

అత్తయ్య ఏడో ఏట లేసు సూది పట్టింది. ఇప్పుడు యాభై ఆరు. ఆవిడ అల్లిన లేసు పువ్వుల్లో ఏ రెండూ ఒకదాని మీదొకటి పెట్టినా అంచు తేడా రాదు. ఆవిడ వేలు ముడిస్తే నా వేలు దూదిలో మునిగినట్టు వెళ్ళింది. ఎస్తేరు మేడం శనగలు నమలడం ఆపేసి చూసింది.

"ఇంత మెత్తగా కదిలే చెయ్యి నేను చూడలేదండీ."

"ఇంట్లో నోరు చూశారంటే అంత మెత్తగా ఉండదండి" అన్నాడు కొండలు.

పంపేటప్పుడు మేడం ఒక కాగితం ఇచ్చింది. బస్సులో నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని అత్తయ్యకి చదివి వినిపించాను. పూటకి పదిసార్లు ముడవాలి, పదిసార్లు చాపాలి. పావుగంట. అంతకు మించి తొడుగు వేసుకోకూడదు. చివరి మాట కింద ఎర్ర గీత ఉంది. ఎందుకో రాయలేదు.

ఇంటికొచ్చాక నాకు భయమే పని. తుమ్మొస్తే చెయ్యి ఎత్తి పట్టుకునేదాన్ని, ఆ అదురుకి కుట్టు వదులవుతుందేమోనని. పాప నా మీదికి ఎక్కబోతే గోడకి అతుక్కుపోయేదాన్ని. పాప ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని. దాన్ని మళ్ళీ రెండు చేతులా ఎత్తుకోగలనా అని రోజుకి వందసార్లు అనుకునేదాన్ని. తొడుగు వేసుకున్న ఆ పావుగంటే నాకు కాస్త ఊపిరి ఆడేది. ఆ కాసేపూ వేలు నాది కాదు, అత్తయ్యది.

నాలుగో రోజున తప్పు మొదలైంది.

మా వీధిలో ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. చావింటికి పరామర్శకి వెళ్ళినా కొంగు చాటున ఒక పువ్వు పూర్తవుతుంది. అలాంటిది మా అత్తయ్యని పావుగంట ఊరికే వేలు ముడుచుకుంటూ కూర్చోమంటే ఎలా? ఏడోసారి ముడిచాక, పక్కింటావిడతో మాట్లాడుతూ మాట్లాడుతూ, తెలియకుండానే సూదీ దారమూ అందుకుంది.

ఒళ్ళో ఉన్న నా చెయ్యి లేచింది. చూపుడువేలు కొంచెం వంగి, లేని దారాన్ని తన మీదుగా వేసుకుని పట్టుకుంది. బిగించింది. వదిలింది. మళ్ళీ బిగించింది.

"అత్తయ్యా! అత్తయ్యా! నేను అల్లేస్తున్నాను!"

ఆవిడ ఉలిక్కిపడి ఆపింది. ఇద్దరం నా వేలి వంక చూశాం. నొప్పి లేదు. పట్టు లేదు. లేసు అల్లేటప్పుడు ఎడమ చూపుడువేలు చేసే పని పిచ్చుక తల ఊపినంత. అంతకంటే బలం అక్కర్లేదు.

"నొప్పెట్టిందేంటే?"

"లేదండి. హాయిగా ఉంది."

"అయితే ఈ పువ్వు అయ్యాక తీద్దాం" అంది అత్తయ్య.

ఆ పువ్వు అయ్యాక ఇంకో పువ్వు. పావుగంట అరగంటయింది, అరగంట పూటయింది. వీధిలో వాళ్ళు నా చెయ్యి చూడ్డానికి వచ్చేవారు. "దారం లేకుండా అల్లుతోంది చూడవే, దీన్ని ఎక్కడమ్మాలి?" అని నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది. నా పెళ్ళయిన ఈ మూడేళ్ళలో అత్తయ్య అల్లికలోని బిగువు నాకు పట్టుబడలేదు. ఇప్పుడది నా వేల్లోంచి నడిచి వెళుతోంది.

మూడో వారం ఎస్తేరు మేడం పరీక్ష చేసి చప్పట్లు కొట్టింది. "ఎక్కడా అతుక్కోలేదు! పావుగంటే కదా వేసుకుంటున్నది?"

అత్తయ్య నా వంక చూసింది. చెబితే తొడుగు లాక్కుంటారేమోనని భయం. లాక్కుంటే వేలు కర్రవుతుంది. కర్రయితే పాపనెలా ఎత్తుకోను?

"పావుగంటేనండి" అన్నాను నేను.

గంటలు లెక్కపెట్టే ఏర్పాటు తొడుగులో ఇంకా పెట్టలేదు. మనుషులు చెప్పిన మాట వింటారనుకున్నారు పాపం.

ఐదో వారంలో అత్తయ్య లేసు అల్లడం మానేసింది. "కళ్ళు మసకలుగా ఉంటన్నాయే" అంది. తొడుగు వేసుకుని మాత్రం కూర్చునేది, కాగితంలో ఉన్నట్టు పదిసార్లు, మెల్లగా. మునుపటి మెత్తదనం లేదు. ఎడ్లబండి గతుకులో దిగినట్టు ఒకచోట నా వేలు ఆగి కదిలేది. నా లోపలే ఏదో పాడవుతోందని ఎప్పటిలాగే నా గురించే భయపడ్డాను.

ఒక పొద్దున్న ఆవిడ అరుగు మీద కూర్చుని టీ తాగుతోంది. గ్లాసు ఎడమచేతిలో ఉంది. నాలుగు వేళ్ళు గ్లాసుని చుట్టుకున్నాయి. చూపుడువేలు నిటారుగా నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఆ వేలేంటి?"

"ఏ వేలు?"

"ఎవర్నో చూపిస్తోందే, ఆ వేలు."

"నిన్నే చూపిస్తంది. పాప ముక్కు కారతంది, తుడువు."

నేను తుడవలేదు. లోపలికెళ్ళి ఆవిడ బిస్కెట్ల డబ్బా మూత తీశాను. అల్లినవన్నీ అందులో దాస్తుంది. పైన ఉన్న నాలుగు పువ్వులూ చిన్నపిల్లలు అల్లినట్టున్నాయి. అల్లిక కన్నాల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అంచు వంకర. దారం బిగించే వేలు బిగించలేదు. డబ్బా పట్టుకుని బయటికొచ్చాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు" అంది నా మొహం చూడకుండా. "ముడవమంటే ముడవదు. ఏముందిలే. నీది ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది కదా. అయ్యాక నాది చూసుకుందాం."

"పది రోజులా! మరి తొడుగులో ఎలా ముడుస్తున్నారు?"

"కుడిచేత్తో తోసి ముడుస్తన్నాను. నువ్వు పాప వంక చూస్తన్నప్పుడు."

"అత్తయ్యా..."

"ఏడవకే ఎర్రిదానా. యాభై ఏళ్ళ నుంచి అల్లుతున్నాను, నాకూ విసుగెత్తింది." ఆ మాట అంటూనే వంకర పువ్వొకటి తీసుకుని, బొటనవేలితో దాని అంచుని సరిచెయ్యబోయింది. అది సరవ్వలేదు. ఆవిడకి విసుగెత్తలేదని నాకు అర్థమైంది.

మధ్యాహ్నం బస్సుకే భీమవరం వెళ్ళాం. దారంతా ఏం చెప్పాలో అల్లుకున్నాను. తీరా ఎస్తేరు మేడం ముందు నిలబడ్డాక "అబద్ధం చెప్పానండి, పావుగంట కాదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా" అని ఒక్క గుక్కలో కక్కేశాను.

ఆవిడ అరవలేదు. అత్తయ్య చెయ్యి తీసుకుని, ఆవిడతో పాప గురించి మాట్లాడుతూ, మాటల్లో పెట్టి ఆ వేలిని తన చేత్తో ముడిచింది. నునుపుగా అరచేతికి ఆనుకుంది. "ఇప్పుడు మీరే ముడవండి" అంది. వేలు కదల్లేదు.

"వేలికేం కాలేదమ్మా. తాడు బాగుంది. మీ తలకాయే అది తెగిందనుకుంటోంది."

"నా తలకాయ నా మాట వినకపోతే ఇంకెవరి మాట వింటదండీ?"

"నెల రోజులు మీ కోడలి వేలి మాట విన్నది. పట్టేసింది, ఆగు, లాగకు అని అది పగలంతా చెబుతుంటే నమ్మేసింది." ఎస్తేరు మేడం కుర్చీలో కూలబడింది. "మూడో జంటలో ఒకాయన వేలు ఓ పూట మొద్దుబారింది. సాయంత్రానికి సర్దుకుంది. అందుకే ఎర్ర గీత గీశాను. ఎందుకో రాయలేదు. భయపడి ఎవరూ రెండో తొడుగు వేసుకోరేమోనని రాయలేదు. మీరొక అబద్ధం చెప్పారు, నేనొక నిజం దాచాను. పెద్ద తప్పు నాదే."

"తప్పులు తర్వాత పంచుకుందురు గాని" అంది అత్తయ్య. "దీనికి మందేంటో చెప్పండి."

మందు ఆ తొడుగుల్ని తారుమారు చెయ్యడమే. ఇన్నాళ్ళూ అత్తయ్య వేలు ముందు నడిచింది, నాది వెంట వెళ్ళింది. ఇప్పుడు నాది ముందు నడవాలి. తెగిందని చెప్పిన వేలే బాగయిందని చెబితే ఆవిడ తల నమ్ముతుంది. ఎస్తేరు మేడం అలా అనుకుంది. ఎవరిమీదా చేసి చూడలేదు.

"త్వరగా చెయ్యాలి. అలవాటు ముదిరిపోతే నాకూ దారి తెలీదు." అని నా వైపు తిరిగింది. "ఎలాగూ నీకు ఆరు వారాలు నిండినట్టే. తాడు అతికింది. బద్ద తీసేస్తాను. ఇంక నువ్వే, నీ బలంతో, మెల్లగా ముడవాలి."

బద్ద తీసింది. నా వేలు పాలిపోయి, సన్నగా, మచ్చతో నా ముందు ఉంది. ముడవమంది.

నేను ముడవలేకపోయాను.

తెగినప్పటి నుంచి నా వేలిని నేను ఒక్కసారి కూడా కదపలేదు. కదపబోతే చాలు, ఎప్పుడో చెరువు దగ్గర విన్న, పడవ తాడు తెగిన చప్పుడు చెవిలో వినిపిస్తోంది. రెండు రోజులు ఇంట్లో ప్రయత్నించాను. మా ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నేను లెక్కపెడతానే. మూడు అనగానే ముడిచెయ్. ఒకటీ, రెండూ..."

"మీరు మూడన్నప్పుడల్లా నాకు పుటుక్కుమన్నట్టుంటందండీ!"

"అయితే నాలుగు దాకా లెక్కపెడతాను."

ప్రతిదానికీ నోరు చేసుకునే అత్తయ్య, ఆ రెండు రోజులూ నన్ను ఒక్క మాట తొందరపెట్టలేదు. మూడో రోజు పొద్దున్న తొడుగు వేసుకుని నా ఎదురుగా చాప మీద కూర్చుంది. నేనూ వేసుకున్నాను. ఊరికే ఉండలేక ఆవిడ పక్కనున్న దారం అందుకుని వేలి మీద వేసుకోబోయింది.

అప్పుడు తెలిసింది నాకు. ముందు నడిచే చేతికి వెనక చెయ్యి సంగతి తెలుస్తుందని మర్చిపోయాను. ఆవిడ వేలు ముడవాలనుకోవడం నా వేల్లో సన్నటి లాగుడుగా వచ్చింది. ఒకచోట ఆగింది. మధ్య కణుపు కింద. సరిగ్గా నా కత్తిగాటు దగ్గర. ఆవిడ వేలి మీద గాటు లేదు, ఎప్పుడూ తెగలేదు. కానీ నా గాయం అక్కడ కూర్చుని ఉంది, ఇల్లు మారిన పిల్లిలాగా. దారం జారిపోయింది. ఆవిడ మళ్ళీ వేసుకుంది. మళ్ళీ లాగుడు, మళ్ళీ అక్కడే ఆగడం. ఆవిడ మొహంలో ఏమీ లేదు. వేల్లో మాత్రం భయం ఉంది. ఎంత పెద్ద భయమో నాకు బాగా తెలుసు, అది నేనిచ్చిందే.

నేను ముడిచాను.

బియ్యపుగింజంత. పుటుక్కుమనలేదు. ఎదురుగా ఆవిడ వేలు బియ్యపుగింజంత వంగింది. ఇంకొంచెం ముడిచాను. నా లోపల తాడు జారడం నాకే తెలిసింది, కొత్త లంగాకి బొందు ఎక్కిస్తున్నట్టు బిరుసుగా, కానీ జారింది. ఆ పట్టు చోటు దాటేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. దాటింది.

"ఏంటే ఆ ముడవడం" అంది అత్తయ్య. "కొత్త పెళ్ళికూతురు గుమ్మం దాటినట్టు!"

"మీరు నోరు మూసుకుని నా వెంట రండి" అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడతో అలా అనడం అదే మొదలు. ఆవిడ నిజంగానే నోరు మూసుకుంది.

అప్పట్నుంచి మూడు పూటలా పది సార్లు, కచ్చితంగా పావుగంట. మా ఆయన ఫోన్లో అలారం పెట్టుకుని, మోగగానే "దిగాలి దిగాలి, బస్టాండొచ్చేసింది" అని అరుస్తూ వచ్చి ఇద్దరి తొడుగులూ లాగేసేవాడు. నా వేలు రోజు రోజుకీ ముందుకెళ్ళింది, అరచేతికి ఒక అంగుళం దూరం దాకా, ఆపైన అర అంగుళం. ఎస్తేరు మేడం రోజూ ఫోన్ చేసి అడిగేది. నా గురించి చెబితే ఊఁ అనేది, "అత్తయ్యగారిది?" అని అడిగి ఊపిరి బిగబట్టేది. అత్తయ్య వేలు నాతో ఉన్నంతసేపూ నడిచేది. తొడుగు తీయగానే నిటారుగా నిలబడేది. ఐదు రోజులు, ఏడు రోజులు, పది రోజులు. వంకర పువ్వుల డబ్బా ఎవరమూ తియ్యలేదు.

పదకొండో రోజు పొద్దున్న పది సార్లు ముడవడం అయిపోయింది. నేను చెయ్యి ఒళ్ళో చాపుకుని కూర్చున్నాను. అలారం మోగడానికి ఇంకా నిమిషం ఉందేమో. అత్తయ్య తన వేలి వంక చూసుకుంటోంది. ఆ చూపు నేను చూడలేకపోయాను.

"అత్తయ్యా" అన్నాను మెల్లగా. "ఇంకో గంట వేసుకుందామా? త్వరగా బాగవుతుంది. మేడంకి ఎవరు చెబుతారు?"

ఠంగుమని నా నెత్తిన మొట్టికాయ పడింది.

"బుద్ధి లేదా నీకు? ఇంత జరిగాక కూడానా? మళ్ళీ అదే..." అంటూ అత్తయ్య మధ్యలో ఆగిపోయింది.

ఆ దెబ్బ నా నెత్తికి తగిలింది, తొడుగులో ఉన్న నా వేలి కణుపుకీ తగిలింది. నేను ఒళ్ళో ఉన్న నా చెయ్యి చూసుకున్నాను. చాపినట్టే ఉంది. నేను కదపలేదు. ఆవిడ ఎడమచెయ్యి ఇంకా నా తల మీద, గాల్లో ఉంది. చూపుడువేలు మధ్య కణుపు దగ్గర కొక్కెంలా వంగి ఉంది.

అలారం మోగింది. మా ఆయన పాపని చంకనేసుకుని "బస్టాండొచ్చేసింది" అంటూ వచ్చి, మా ఇద్దర్నీ చూసి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"అత్తయ్య కొట్టిందండీ!" అన్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు. "ఆ వేలితో కొట్టిందండీ!"

"అయ్యో, నేను చూళ్ళేదే" అన్నాడు. "అమ్మా, ఇంకోసారి కొట్టవే."

అత్తయ్య మళ్ళీ కొట్టింది.